పైవిచారణ చేయువాడు జాగ్రత్తతోను

రోమీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయంలో కృపావరాలను ఒక్కొక్కటిగా చెప్పుకుంటూ వచ్చిన అపొస్తలుడైన పౌలు, 8వ వచనంలో సంఘాన్ని నడిపించేవాని దగ్గరికి వచ్చేసరికి అతనికి ఉండవలసినది ఒక్క మాటలో తేల్చి చెప్పాడు: "పైవిచారణ చేయువాడు జాగ్రత్తతోను." ఎన్నోసార్లు చదివిన ఈ వాక్యాన్ని నేను చాలాకాలం సగమే అర్థం చేసుకున్నాను. మన వాడుకలో జాగ్రత్త అంటే పొరపాటు జరగకుండా చూసుకోవడం, చేతిలో ఉన్నది పోకుండా కాపాడుకోవడం. ప్రయాణమయ్యేవారికి మనం చెప్పే జాగ్రత్తలన్నీ ఆ కోవకు చెందినవే.

గ్రీకు మూలంలో అక్కడ ఉన్న పదం స్పూడే. త్వరపడడం, మనసు పెట్టి పూనుకోవడం అనే అర్థాలు దానిలో ఉన్నాయి. దేవదూత వెళ్లిపోయిన తర్వాత మరియ లేచి కొండసీమలోని ఎలీసబెతు ఇంటికి త్వరగా వెళ్లిందని లూకా వ్రాసినచోట ఉన్నది ఈ పదమే. మూడు వచనాల తర్వాత "ఆసక్తి విషయములో మాంద్యులు కాక" అన్నప్పుడు ఆసక్తిగా తెలుగులోకి వచ్చినదీ ఇదే. ఒకే పదం ఒకచోట జాగ్రత్త, మరొకచోట ఆసక్తి అయినందుకు అనువాదకులను తప్పుపట్టనక్కరలేదు. జాగ్రత్త, జాగరణ ఒకే ధాతువు నుండి పుట్టిన మాటలు, మేలుకొని ఉండడమే వాటి అసలు అర్థం. వాడుకలో ఆ మెలకువ పలుచబడి భయం చిక్కబడింది, అంతే.

ఆ తేడా ఎంతటిదో మత్తయి 25వ అధ్యాయంలోని ఉపమానంలో, యజమాని ప్రయాణమై పోతూ తన సొమ్ము అప్పగించిన దాసులలో ఒక తలాంతు పొందిన మూడవవాణ్ణి చూస్తే తెలుస్తుంది. ఒక తలాంతు సుమారు 6,000 దేనారాలు. రోజుకూలి ఒక దేనారం చొప్పున లెక్కవేస్తే అది ఒక కూలివాని దాదాపు 20 సంవత్సరాల సంపాదన. అంత సొమ్మును అతడు భూమిలో దాచి, ఒక్క కాసు తగ్గకుండా తిరిగి అప్పగించాడు. మన లెక్క ప్రకారం అతనికంటే జాగ్రత్తపరుడు ఉండడు, కాని యజమాని అతణ్ణి "సోమరివైన చెడ్డ దాసుడా" అన్నాడు. ఇక్కడ సోమరి అనీ, రోమా పత్రికలో మాంద్యులు అనీ తర్జుమా అయిన పదం గ్రీకులో ఒక్కటే. కొత్తగా ఏ పనికీ పూనుకోక, ఎవరినీ నొప్పించక, సంఘ నిధిని భద్రంగా ఉంచి, తాను బాధ్యత చేపట్టిన నాడు ఉన్నదంతా ఉన్నట్టే అప్పగించి దిగిపోయే పెద్దను మనం మెచ్చుకుంటాం. ఆ మెప్పు పొందినవారిలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఈ మాట వ్రాయడానికి కొంత వెనుకాడుతున్నాను. డబ్బు దగ్గర మాత్రం ఆ మొదటి రకం జాగ్రత్తకూ చోటు ఉంది. యెరూషలేములోని పరిశుద్ధుల కోసం చందా పోగుచేసినప్పుడు తనమీద ఎవరూ తప్పు మోపకుండా పౌలు తన జతపనివాడైన తీతుతో పాటు వేరే సహోదరులను కూడా పంపించాడు.

ఇక పైవిచారణ అనే మాట అజమాయిషీలా వినిపిస్తుంది గాని, దాని వెనుక ఉన్న గ్రీకు క్రియకు ముందు నిలబడి నడిపించడమనే అర్థంతో పాటు ఆదుకోవడమనే అర్థమూ ఉంది. అదే పత్రిక 16వ అధ్యాయంలో కెంక్రేయలోని సంఘ పరిచారకురాలైన ఫీబేను గురించి "అనేకులకును నాకును సహాయురాలై యుండెను" అన్నప్పుడు, సహాయురాలు అనే మాట ఈ క్రియకు దగ్గరి చుట్టమే. తన ఇంటిని ఏలుకోలేనివాడు దేవుని సంఘాన్ని ఎలా పాలిస్తాడని పౌలు తన శిష్యుడైన తిమోతికి వ్రాసిన పత్రికలో అడిగినచోట మరీ విశేషమైన సంగతి ఒకటి ఉంది. అక్కడ సంఘాన్ని పాలించడానికి వాడిన క్రియ క్రొత్త నిబంధనలో మరి రెండుసార్లే, అదీ మంచి సమరయుని కథలోనే కనబడుతుంది. గాయపడినవానిని అతడు పూటకూళ్లవాని ఇంటికి తీసుకుపోయి పరామర్శించాడు, మరునాడు రెండు దేనారాలు తీసి ఇచ్చి "ఇతని పరామర్శించుము" అన్నాడు. సంఘపాలనకూ ఆ పరామర్శకూ పరిశుద్ధాత్ముడు ఒకే మాట ఎన్నుకున్నాడు.

మా సంఘంలో ఆదివారం హాజరు పుస్తకం కొంతకాలం నా దగ్గర ఉండేది. ఒక పేరు ఎదుట వరుసగా నాలుగు వారాలు "రాలేదు" అని నా చేతితోనే వ్రాశాను. పెద్దల కూటంలో మైకు సెట్టు మార్చడం గురించి అరగంట మాట్లాడుకున్న మేము, ఆ పేరు వచ్చినప్పుడు "కనుక్కుందాం" అని ఒకే మాటతో ముందుకు వెళ్లిపోయాం. ఎవరు కనుక్కోవాలో ఎవరూ అడగలేదు. ఎఫెసు సంఘ పెద్దలను మిలేతుకు పిలిపించిన పౌలు, మూడు సంవత్సరాలు రాత్రింబగళ్లు ప్రతి మనుష్యునికి కన్నీళ్లతో బుద్ధి చెప్పానని గుర్తుచేసి, "మెలకువగా ఉండుడి" అన్న భాగం ఆ నెలలోనే నేను చదివి వినిపించాను కూడా.

ఆరవ వారం వెళ్లాను. ఆమె జబ్బు నుండి అప్పుడప్పుడే లేస్తోంది. ద్వారబంధం పట్టుకొని తలుపు తీసి, "వందనాలండీ, లోపలికి రండి" అంది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడగలేదు. తాను మానేసిన ఆదివారాలకు తానే నొచ్చుకుంటూ, కవరులో తీసి పెట్టిన ఆరు వారాల కానుక నా చేతికిచ్చింది.

సిగ్గు మనిషిని ఒకసారి ఆ గుమ్మం దాకా తీసుకుపోగలదు గాని, ప్రతి వారం తీసుకుపోలేదు. అందుకే కొరింథీయుల విషయమై తనకున్న ఆసక్తినే తీతు హృదయంలోనూ పుట్టించినందుకు పౌలు దేవునికి స్తోత్రం చెల్లించడం నాకు ఆదరణగా ఉంటుంది. అక్కడ ఉన్నదీ స్పూడే. ఇప్పుడు పెద్దల కూటానికి వెళ్లే ముందు ఆ స్తోత్రాన్నే విన్నపంగా మార్చుకొని, పుస్తకంలోని పేర్లను పైకి చదువుతూ ప్రార్థిస్తున్నాను.