చచ్చిన చీకటితో నా తగాదా

బొమ్మ నిన్న రాత్రి పూర్తయింది. రంగూ ఆరలేదు, నా కోపమూ ఆరలేదు. ఆరాక రాస్తే మర్యాదగా రాస్తానేమోనన్న భయంతో ఇప్పుడే కూర్చున్నాను.

విషయం చిన్నదే. కిటికీ పక్కన కూర్చున్న స్త్రీ, ఆమె వెనక చీకటి గది. గెస్సో అనే తెల్లని అడుగుపూత పూసిన కాన్వాస్ మీద బొగ్గుతో గీత, ఆ పైన టర్పెంటైన్‌లో పలచన చేసిన బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగుతో వెలుగునీడల పూత, తర్వాత ఆయిల్ రంగులు. ఇదంతా సాఫీగా సాగింది. ముఖం అనుకున్నదానికన్నా ముందే కుదిరింది. ముఖాలు నాకు కుదురుతాయి, ఆ మాట చెప్పుకోవడానికి మొహమాటమేమీ లేదు.

పొద్దున స్టూడియోలోకి వెళ్లగానే నేను కుంచె ముట్టను. ముందు చూస్తాను. బొమ్మకు ఎదురుగా అద్దం పెట్టి అందులో చూస్తే కుడి ఎడమలు మారిపోయి, నిన్న కంటికి అలవాటైపోయిన వంకర ఇట్టే బయటపడుతుంది. కాన్వాస్‌ను తలకిందులుగా నిలబెడితే ముఖం ముఖంలా కనిపించడం మానేసి వట్టి మచ్చలుగా మిగులుతుంది, అప్పుడు ఏ మచ్చ బరువెక్కిందో తెలుస్తుంది. ఫోనులో నలుపు తెలుపు ఫోటో ఒకటి తీసి, తేదీ వేసి దాచుకుంటాను. ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మాటిస్ 1935లో గులాబీ రంగులో పడుకున్న నగ్న స్త్రీ చిత్రం వేస్తూ అది మారుతున్న కొద్దీ ఫోటోలు తీయించాడు. అలాంటివి 22 ఉన్నాయి. రంగు కాగితాలు కత్తిరించి కాన్వాస్ మీద గుచ్చి, అటూ ఇటూ జరిపి చూసి, అప్పుడు రంగు వేసేవాడు. పూర్తయిన బొమ్మ చూస్తే మాత్రం ఒక్క పూటలో అలవోకగా వేసినట్టుంటుంది. ‘దిద్దితే బొమ్మలో ప్రాణం పోతుంది, ఒక్క ఊపులో వేయాలి’ అని ఉపదేశించేవాళ్లను ఆ ఫోటోల ముందు కూర్చోబెట్టాలి. అలా చెప్పేవాళ్లలో ఎక్కువమంది కుంచె పట్టనివాళ్లేనని నా అనుభవం.

ఇక చీకటి సంగతి.

ఆమె వెనక గదికి నేను నల్లరంగు వాడలేదు. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ అంబర్ కలిపితే నలుపును మించిన నలుపు వస్తుంది. నీలం కాస్త ఎక్కువైతే చల్లగా, అంబర్ ఎక్కువైతే వెచ్చగా ఉంటుంది. వేసిన సాయంత్రం ఆ మూల ఎంత లోతుగా ఉందంటే, చెయ్యి పెడితే లోపలికి వెళ్లిపోతుందేమో అనిపించింది. రంగు ఆరాక చూస్తే ఆ లోతు లేదు. గోడకు కొట్టిన సున్నంలా పొడిబారి, తెల్లబోయి ఉంది. మళ్లీ వేశాను. తడిగా ఉన్నంతసేపు అద్భుతం, ఆరితే బూడిద. అది కూడా ఒకే తీరుగా కాదు, ఇక్కడొక మెరిసే మచ్చ, అక్కడొక చచ్చిన మచ్చ.

సరిగ్గా ఆ దశలో ఒక పెద్దాయన స్టూడియోకు వచ్చారు. పేరు చెప్పను. చిత్రకళలో ఆయన మాటకు విలువుంది, ఆ సంగతి ఆయనకూ బాగా తెలుసు. వెంట శిష్యబృందం. ముఖం వైపు చూడనైనా చూడలేదు. నేరుగా ఆ మూలకు వెళ్లి, కళ్లజోడు సవరించుకుని, ‘ఇది చీకటి కాదు నాయనా, బూడిద. చీకటి వేయడం రానివాడివి ముఖాల జోలికి ఎందుకు వెళ్లావు?’ అన్నారు. శిష్యులు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఒక పిల్లవాడు పుస్తకం తీసి రాసుకున్నాడు. ఒకమ్మాయి ఆ మూలను మాత్రమే దగ్గరగా ఫోటో తీసుకుంది, ఎలా వేయకూడదో చెప్పే పాఠానికి కాబోలు. ‘ట్యూబులోంచి ఐవరీ బ్లాక్, ఆ నల్లరంగే తీసి దట్టంగా పట్టించు, సరిపోతుంది’ అని తీర్పు చెప్పి ఆయన కుర్చీలో కూర్చున్నారు. ‘అలాగేనండీ’ అన్నాను. అనకుండా ఎలా ఉంటాను?

ఐవరీ బ్లాక్ మాత్రం వేయలేదు. అది ఆరడానికి చాలా రోజులు తీసుకుంటుంది. పైగా నీలం, అంబర్ కలిసిన చీకటి మధ్యలో వట్టి నలుపు దట్టంగా పడితే ఆ చోట గోడ కనిపించదు, కాన్వాస్‌కు చిల్లు పడినట్టుంటుంది. కింద ఉన్న వెచ్చని పూత కూడా సమాధి అయిపోతుంది.

వాళ్లు వెళ్లిపోయాక ఆ మూల దగ్గరే నిలబడ్డాను. వేలి కొస నాలుకకు తడి చేసుకుని ఆ చచ్చిన మచ్చ మీద అద్దాను. (ముట్టుకుంటే అంటుకోనంతగా ఆరిన రంగు మీదే ఈ పని చేయాలి, ఆ వేలిని మళ్లీ నోటి దగ్గరకు తీసుకెళ్లకూడదు.) వేలు పడిన చోట, గోరంత మేర, మొదటి సాయంత్రం నాటి లోతు మొత్తం తిరిగి వచ్చింది. నీలం నీలంగా, దాని కింద వెచ్చదనంతో సహా. చూస్తుండగానే అంచుల నుంచి తడి ఆరి, మెల్లగా మళ్లీ బూడిదైంది. రంగు చెడలేదు. రంగు అక్కడే ఉంది, దాని మీది నూనె లేదు, అంతే.

జరిగేది ఇది. కింది పూత పలచగా, పొడిగా ఉంటే పై రంగులోని అవిసె నూనెను పీల్చేసుకుంటుంది. నూనె కిందికి దిగిపోతే పైన రంగుపొడి గరుకుగా మిగులుతుంది. నునుపైన తలం వెలుగును ఒక వైపుకే పంపుతుంది, గరుకు తలం అన్ని వైపులకూ చెదరగొడుతుంది. ఆ చెదిరిన వెలుగే చీకటిని తెల్లబరుస్తుంది. అంబర్ ఈ విషయంలో పేరు మోసిన రంగు. లేత రంగుల్లోనూ ఇది జరుగుతుంది కానీ కంటికి అంతగా ఆనదు.

మందు కూడా పాతదే. అవిసె నూనెలో కొంచెం టర్పెంటైన్ కలిపి, పోగులు రాలని గుడ్డతో ఆరిన రంగు మీద పలచగా రుద్దాలి. కాసేపాగి, శుభ్రమైన గుడ్డతో మిగులు మొత్తం తుడిచేయాలి. మిగిలితే అదే పసుపు పచ్చబడుతుంది. నేను రుద్దుతుంటే గది మూల మొత్తం ఒక్కో అంగుళం చొప్పున వెనక్కి జరిగింది. అప్పుడు స్టూడియోలో ఎవరూ లేరు. పుస్తకం తీసి రాసుకునేవాళ్లు ఆ పూట రావాల్సింది.

అయితే కథ అక్కడితో తెమల్లేదు. చీకటి తెల్లబోయి ఉన్న రోజుల్లో దాని పక్కనున్న భుజం వెలవెలబోతున్నట్టు కనిపించి, అంచు మీద టైటానియం తెలుపు కలిపిన రంగు ఎక్కించి ఉన్నాను. ఇప్పుడు చీకటి లేచి కూర్చునేసరికి ఆ భుజం దీపంలా వెలగడం మొదలుపెట్టింది, ముఖం వెనకబడింది. పాలెట్ నైఫ్‌తో భుజం గీకేశాను. అడుగు పొరలో మొదటి వారం వేసిన మట్టిరంగు బయటపడింది. దాచిన ఫోటోలతో పోల్చి చూసి, దాని మీద పలచగా ఒక్క పూత వేసి వదిలేశాను. ఇప్పుడు బొమ్మలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఆ భుజమే.

అందుకే ఇకపై బొమ్మలో ఏ రంగు తప్పనిపించినా, పొడిబారిన మచ్చలకు ముందు నూనె పట్టించాకే తీర్పు. పొడిబారిన బొమ్మను చూసి దిద్దడం మొదలుపెడితే బాగున్న వాటినీ చెడగొడతాం. బయటివాళ్లకైతే ఆ స్థితిలో బొమ్మ చూపించనే కూడదు. పదహారో శతాబ్దపు వెనిస్ చిత్రకారుడు టిషన్ తన బొమ్మలను నెలల తరబడి గోడవైపు తిప్పి ఉంచేవాడని, తర్వాత పగవాణ్ని చూసినట్టు వాటిని పరీక్షించేవాడని చెబుతారు. గోడవైపు తిప్పడంలో సందర్శకుల బెడద తప్పించుకునే సౌకర్యం కూడా ఉందని నాకు ఇప్పుడు అర్థమైంది.

నూనె గుడ్డల గురించి ఒక్క మాట. అవిసె నూనె నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని గట్టిపడుతుంది, ఆ క్రమంలో వేడి పుడుతుంది. తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే అంటుకోవచ్చు. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టండి. స్టూడియోలో నేను ఎవరి మీదైనా గొంతు పెంచేది ఈ ఒక్క విషయంలోనే.

పొద్దున ప్రదర్శన నిర్వాహకులు ఫోన్ చేసి, వచ్చే నెలకల్లా బొమ్మకు వార్నిష్ పెట్టి మెరిసేలా పంపమన్నారు. పెట్టనన్నాను. మామూలు మందంతో వేసిన ఆయిల్ బొమ్మకు చివరి వార్నిష్ కనీసం 6 నెలలు ఆగి పెట్టాలన్నది పాత నియమం, మందంగా ఉంటే ఏడాది. పైతడి ఆరాక రీటచ్ వార్నిష్ అనే తాత్కాలిక వార్నిష్ ఒక పలచని పూత పెట్టి ఇస్తాను, మెరుపు సమంగా ఉంటుంది, అంతకుమించి అడగవద్దన్నాను. కాసేపు గొణిగి ఒప్పుకున్నారు. బొమ్మ వెనక ‘తుది వార్నిష్ పెట్టలేదు’ అని రాసి సంతకం చేయమన్నారు. చేశాను.