ఓమ్ నియమం వీడియో మళ్లీ మారింది

పదో తరగతి ‘విద్యుత్ ప్రవాహం’ పాఠంలోని ఓమ్ నియమానికి (స్థిర ఉష్ణోగ్రత వద్ద వోల్టేజీ ఎన్ని రెట్లయితే తీగలో కరెంటూ అన్ని రెట్లవుతుంది) నేను చేసిన వీడియో, వర్క్‌షీట్ రెండూ మార్చి మళ్లీ పెట్టాను. పాత లింకు దాచుకున్నవాళ్లు దయచేసి కొత్తది వాడండి. ఈ మార్పులన్నీ తోటి టీచర్లు తమ క్లాసుల్లో పాఠం నడిపి చెప్పినవే.

గ్రూపులో వీడియో పెట్టి "ఎలా ఉంది?" అని అడిగితే "సూపర్ సార్" అంటారు, దండం బొమ్మలు పెడతారు. అభిమానంతో పెట్టేవే, సంతోషం. కానీ పాఠం బాగుపడాలంటే అవి చాలవు. అందుకే ఈసారి ఇలా అడిగాను: "పిల్లలు ఎక్కడ ఆగారు? ఏం అడిగారు? మీరు వీడియో ఆపి ఏం చెప్పాల్సి వచ్చింది?" అప్పుడు వచ్చాయి అసలు జవాబులు.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది పక్క మండలం ఫిజిక్స్ సార్ మాట. మన తెలంగాణ పుస్తకంలో ఓమ్ నియమం ప్రయోగానికి 10 సెం.మీ. పలుచని ఇనుప చువ్వ, 1.5 వోల్టుల సెల్స్ ఐదు కావాలి. ఆయన సైకిల్ స్పోక్ ముక్కతో చేయించారు. "కరెంటు కొలిచే అమ్మీటర్ ముల్లు ఒక్కసారే చివరికి పోయి తగులుతోంది సార్. సెల్స్ వేడెక్కుతున్నాయి. పిల్లలు రీడింగ్ ఏం రాసుకోవాలి?" నిజమే, అంత చిన్న స్పోకు నిరోధం ఓమ్‌లో సుమారు వందో వంతు. సెల్‌ను దాదాపు షార్ట్ చేసినట్టే.

ఉపాయమూ ఆయనే చెప్పారు, పాత హీటర్ కాయిల్ (నిక్రోమ్ తీగ చుట్ట). 230 వోల్టుల మీద నడిచే 1000 వాట్ల కాయిల్ నిరోధం సుమారు 53 ఓమ్‌లు. అందులో పదో వంతు కత్తిరిస్తే 5 ఓమ్‌ల పైచిలుకు. ఒక సెల్‌కు 0.3 ఆంపియర్ల లోపు, రెండు సెల్స్‌కు దాదాపు రెట్టింపు. స్కూలు అమ్మీటర్ మీద స్పష్టంగా కనబడే రీడింగులు ఇవి. పైగా నిక్రోమ్ కాస్త వేడెక్కినా నిరోధం పెద్దగా మారదు, వోల్టేజీ-కరెంటు గ్రాఫు సరళరేఖలా వస్తుంది. కొత్త వీడియోలో కాయిల్ కొలిచి కత్తిరించడం దగ్గర నుంచి చూపించాను. ఆ ముక్కను సెల్స్‌కే కలపాలి, ఇంట్లో ప్లగ్గు జోలికి పోకూడదు అని మొదట్లోనే గట్టిగా చెప్పాను.

ఇంకో మేడమ్ క్లాసులో ఒక అమ్మాయి టార్చి బల్బు పెట్టి చూసి, "వోల్టేజీ రెట్టింపైనా కరెంటు రెట్టింపు కాలేదేంటి మేడమ్?" అని అడిగిందట. ఎంత మంచి ప్రశ్న! బల్బులోని టంగ్‌స్టన్ తీగ (ఫిలమెంట్) వేడెక్కే కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, అందుకే గ్రాఫులో గీత వంగుతుంది. ‘స్థిర ఉష్ణోగ్రత వద్ద’ అని పిల్లలు బట్టీ పట్టే షరతు నియమంలో ఎందుకుందో ఆ వంపు చూస్తే అర్థమవుతుంది. కాయిల్ గ్రాఫు, బల్బు గ్రాఫు ఒకే కాగితం మీద గీసి చూపించాను. నాకు మొత్తం వీడియోలో ఇదే ఇష్టమైన భాగం.

మిగతావి చిన్నవి. గ్రాఫు స్కేలు ఎలా ఎంచుకోవాలో చూపమని లెక్కల మేడమ్ అడిగారు, చేర్చాను. ఫోన్లో అంకెలు కనబడటం లేదని సోషల్ సార్ అన్నారు, పెద్దవి చేశాను. వేరే సబ్జెక్టు వాళ్లకూ చూపించడం మంచిదని నా నమ్మకం. మనకు అలవాటైపోయిన చోటే వాళ్ల కన్ను ఆగుతుంది.

ఇక మిగిలింది ఇదే ప్రయోగం ఎల్ఈడీతో చేసే భాగం. ఒక్క సెల్‌తో వెలగదు, సిరీస్‌లో రెసిస్టర్ లేకుండా సెల్స్ పెంచుకుంటూ పోతే మాడిపోతుంది. మీ స్కూల్లో ఏ రంగు ఎల్ఈడీ వాడారు, ఎన్ని ఓమ్‌ల రెసిస్టర్ పెట్టారు, ఎన్ని సెల్స్ దగ్గర వెలిగింది? రీడింగుల పట్టిక ఫొటో తీసి పంపితే వీడియో తీసే ముందు అవన్నీ ఒకసారి చేసి చూస్తాను.