స్కాన్ నార్మల్, నేను కాదు

బైక్ మీద వెళ్తుంటే కారు గుద్దింది, తలకి దెబ్బ తగిలింది. స్కాన్ నార్మల్ అన్నారు. పుర్రె చిట్లలేదు, లోపల రక్తం కారలేదు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాకేమో లైటు వేస్తే కళ్లల్లో సూదులు గుచ్చినట్టుండేది, గిన్నె చప్పుడైతే వాంతి తన్నుకొచ్చేది. నాలుగు లైన్లు చదివేసరికి మొదటిది మర్చిపోయేవాణ్ణి.

దాన్ని కన్‌కషన్ అంటారని డాక్టరు చెప్పారు. హెల్మెట్ పుర్రెను కాచింది కానీ, ఆ కుదుపుకి లోపల మెదడు కదిలింది. అది సీటీ స్కాన్‌లో చాలాసార్లు కనిపించదు. "చూడ్డానికి బానే ఉన్నావుగా" అన్నవాళ్ల మీద ఒళ్లు మండేది. చిరాకు కూడా ఆ దెబ్బ లక్షణమేనట. అంతా దెబ్బ మీదకి తోసెయ్యకు, ముందూ ఇంతే అని మా ఆవిడ.

మొదటి ఒకట్రెండు రోజులు పూర్తి విశ్రాంతి, ఫోను ముట్టుకోకూడదు. ఆ తర్వాత చీకటి గదిలోనే పడుండొద్దన్నారు. కొంచెం నడవాలి, తలనొప్పి బాగా పెరిగితే ఆపాలి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టాలి. కాస్త తేలిగ్గా ఉందని పనంతా నెత్తినేసుకున్న రోజల్లా మర్నాడు మంచానికే. వారాల మీద తగ్గింది. పూర్తిగా తగ్గేదాకా బండి ఎక్కనివ్వలేదు. ఈలోగా తలకి మరో దెబ్బ తగిలితే చాలా ప్రమాదం.

పక్కరోడ్డులోంచి కారు తిప్పినాయన "ఇటు చూశానండీ, మీరు కనపడలేదు" అన్నాడు. అప్పుడు అబద్ధమనుకున్నాను, ఇప్పుడు అనుకోవట్లేదు. ఎదురుగా వచ్చే బైక్ సన్నగా కనిపిస్తుంది. ఒక్క దీపాన్ని చూసి దాని దూరం, వేగం అంచనా వెయ్యడం కష్టం. కార్ల కోసం వెతికే కన్ను దాన్ని దాటేసి పోతుంది. న్యూజిలాండ్‌లో బైకర్ల మీద చేసిన ఒక అధ్యయనం 2004లో వచ్చింది. మెరిసే ఫ్లోరోసెంట్ రంగు బట్టలు గానీ, లైటు పడితే వెలుగును తిప్పికొట్టే రిఫ్లెక్టివ్ బట్టలు గానీ వేసుకున్నవాళ్లకి ప్రమాదంలో గాయపడే అవకాశం 37 శాతం తక్కువట. నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్లదానికి 24 శాతం తక్కువ.

ఫ్లోరోసెంట్ జాకెట్ రాత్రిపూట పెద్దగా పనికిరాదు. ఆ మెరుపుకి ఎండలోని అతినీలలోహిత కిరణాలు కావాలి. చీకట్లో రిఫ్లెక్టివ్ పట్టీయే దిక్కు. సైకిల్ తొక్కేవాళ్లయితే చీలమండలకి కట్టుకోవాలి. పైకీ కిందకీ ఆడుతుంటే అక్కడున్నది మనిషని వెనకాలవాళ్లకి త్వరగా తెలుస్తుంది.

పాత హెల్మెట్ పైకి చిన్న గీత తప్ప బాగానే ఉంది. ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు కొందరు, నేనివ్వలేదు. దాని లోపలి థర్మోకోల్ పొర నలిగి దెబ్బను మింగుతుంది, ఒకసారి నలిగితే మళ్లీ ఉబ్బదు. ఎవరూ ఏరుకుని పెట్టుకోకుండా స్ట్రాపులు కోసి పారేశాను. కొత్తది తెల్లది కొన్నాను. మురికి ఇట్టే కనపడుతుంది, అదొక్కటే ఇబ్బంది.