సమాధి రాయి ఒకటి చెబితే, పెళ్ళి రిజిస్టరు ఇంకొకటి

చెన్నైలో స్థిరపడిన మన తెలుగు క్రైస్తవ కుటుంబాల మూలాలు వెతికేవాళ్ళు జనగణన మీద ఆశ పెట్టుకోకండి. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపరు. పేర్లు కావాలంటే పాత ఓటరు జాబితాలే దిక్కు.

ముందు చర్చి పెళ్ళి రిజిస్టరు పట్టుకోండి. వయసు, వృత్తి, నివాసం, తండ్రి పేరు, అది రెండో పెళ్ళా అన్నదీ అందులో తెలుస్తాయి. సాక్షుల సంతకాలు తప్పకుండా రాసుకోండి. చాలాసార్లు వాళ్ళు మేనమామలో, అన్నదమ్ములో అయ్యుంటారు. రిజిస్టరు చెదలు తినేసి ఉంటే, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ ఎన్/2 అనే దస్త్రాల వరుసలో మద్రాసు చర్చి రిజిస్టర్ల నకళ్ళున్నాయి. అవి ఎత్తిరాసినవి కాబట్టి మన ఇంటిపేర్లు వంకర్లు పోతాయి.

అసలు చిక్కు ఇనిషియల్‌తో. మనవాళ్ళు ఇంటిపేరు పెడతారు, తమిళుల అలవాటు తండ్రి పేరు. ఒక కాగితంలో ‘పి’, ఇంకోదాంట్లో ‘డి’ ఉన్నా మనిషి ఒక్కరే కావచ్చు. భార్య పేరు, వృత్తి, వీధి, వీటిలో కనీసం రెండు కలిస్తేనే ఒక్కరని తేల్చండి.

చెన్నైలోని కీల్పాక్ సమాధుల తోటలో కుటుంబ సమాధిని మళ్ళీ తెరిచి వాడతారు. కాబట్టి రాయి ఏళ్ళ తర్వాత చెక్కించినదై ఉండొచ్చు. మరణ తేదీకి నేను ఖనన రిజిస్టరునే నమ్ముతాను, వయసుకు బాప్తిస్మపు రిజిస్టరును. వయసు 40, 45, 50 అని గుండుగుత్తగా ఉంటే ఐదేళ్ళు అటూ ఇటూ వెతకండి. అరిగిన అక్షరాల మీద సుద్ద రుద్దకండి, రాయి పాడవుతుంది. పక్కనుంచి టార్చి వేసి ఫొటో తీస్తే నీడల్లో అక్షరాలు తేలతాయి.