మోషన్ టు డిస్మిస్ గండం దాటాం: ఫెడరల్ కోర్టులో నా అనుభవం

టెక్సాస్‌లోని ప్లేనోలో మా బావమరిది, నేను కలిసి చిన్న ఐటీ కన్సల్టింగ్ ఎల్ఎల్‌సీ (లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ) నడుపుతున్నాం. న్యూజెర్సీ కంపెనీ ఒకటి మా కన్సల్టెంట్లతో పని చేయించుకుని, లక్ష డాలర్లకు పైగా ఎగ్గొట్టింది. ఎప్పుడడిగినా "ఎండ్ క్లయింట్ (చివరికి ఆ పని ఎవరి కోసం జరిగిందో ఆ కంపెనీ) మాకివ్వలేదు, మీకెక్కడి నుంచి తెచ్చేది?" అనేవారు.

రెండు పక్షాలూ వేర్వేరు రాష్ట్రాలవి, మొత్తం 75,000 డాలర్లు దాటింది కాబట్టి ఫెడరల్ కోర్టుకు వెళ్లాం. ఫైలింగ్ ఫీజు 405 డాలర్లే. కానీ అక్కడ ఎల్ఎల్‌సీ తరఫున లాయరే వాదించాలి, ఖర్చంతా అక్కడే.

వాళ్లు జవాబు వేయకుండా మోషన్ టు డిస్మిస్ వేశారు. కేసు కొట్టేయమని పేజీలకు పేజీలు చదువుతుంటే నిద్ర పట్టలేదు. లాయరు గారు విడమరిచి చెప్పాక టెన్షన్ కాస్త తగ్గింది. ఈ దశలో ఎవరిది న్యాయమో జడ్జి తేల్చరు. మనం రాసిన విషయాలు నిజమే అనుకుంటే కేసు నిలుస్తుందా లేదా, అంతవరకే చూస్తారు. అయితే సుప్రీంకోర్టు 2007లో ట్వాంబ్లీ, 2009లో ఇక్బాల్ కేసుల్లో ఇచ్చిన తీర్పుల తర్వాత "ఒప్పందం ఉల్లంఘించారు" అని ఊరికే రాస్తే సరిపోదు. నమ్మదగ్గ వివరాలు ఉండాలి.

ఎల్ఎల్‌సీ ఏ రాష్ట్రానిదో దాని రిజిస్ట్రేషన్‌ని బట్టి కాదు, దాని సభ్యులు ఏ రాష్ట్ర పౌరులో దాన్ని బట్టి తేలుతుందనీ, అది మా కంప్లయింట్‌లో (కోర్టులో మేం వేసిన దావా పత్రంలో) లేదనీ కూడా అవతలివాళ్లు పట్టుకున్నారు. మోషన్ అందిన 21 రోజుల్లోపు కోర్టు అనుమతి అడగకుండానే ఒకసారి కంప్లయింట్ సవరించుకోవచ్చు. ఆ గడువే మమ్మల్ని కాపాడింది.

రాత్రిళ్లు డైనింగ్ టేబుల్ నిండా కాగితాలు పరుచుకుని కూర్చున్నాం. వాళ్ల మేనేజర్ అప్రూవ్ చేసిన టైమ్‌షీట్లు ఒకవైపు, వాటికి సరిపోయే ఇన్‌వాయిస్‌లు ఇంకోవైపు. ప్రతిదానికీ నంబరు, తేదీ, గడువు, ఒప్పందంలోని క్లాజు రాసుకున్నాం. పాత మెయిళ్లలో వాళ్ల అకౌంట్స్ విభాగం నుంచి వచ్చిన ఒక వాక్యం దొరికింది: "క్లయింట్ పేమెంట్ వచ్చింది, మీది వచ్చే శుక్రవారం పంపుతాం." దాన్ని ఉన్నదున్నట్టు కంప్లయింట్‌లో పెట్టాం.

వాళ్లు మళ్లీ మోషన్ వేశారు. విచారణ ఏమీ జరపకుండా, దాఖలైన కాగితాలు చూసే జడ్జి ఆర్డర్ ఇచ్చారు. కంప్లయింట్‌లో మేం చేసిన మోసం ఆరోపణను కొట్టేశారు. అబద్ధం ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చెప్పారో స్పష్టంగా రాస్తేనే అది నిలుస్తుంది. ఒప్పందం ఉల్లంఘన మాత్రం నిలిచింది. మాకు రావాల్సిన డబ్బంతా దాని కిందే ఉంది.

ఇక వాళ్లు జవాబు వేయక తప్పలేదు. సంతకాలు ఒప్పుకున్నారు, బాకీ లేదన్నారు. డిస్కవరీలో, అంటే ఒకరి దగ్గరున్న ఆధారాలు ఇంకొకరు అడిగి తీసుకునే దశలో, మేం మొట్టమొదట అడిగింది, ఎండ్ క్లయింట్ నుంచి వాళ్లకు డబ్బు ఏ తేదీన అందిందో చూపే బ్యాంకు కాగితాలు.