కడప బండ మీద తెల్ల మచ్చ

పదకొండున్నర దాటింది. మచ్చ పోలేదు. నిద్రా రాలేదు.

మా వంటింటి గట్టు మీద పరిచింది కడప బండ. ఇల్లు కట్టేటప్పుడు గ్రానైట్ అని ఆయన, కడప బండే అని నేను, పదిహేను రోజులు మాటల్లేకుండా తిరిగి చివరికి గెలుచుకున్న బండ అది. నల్లగా, నున్నగా ఉంటుంది, నడి వేసవిలోనూ చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది. దాని మీద ఇప్పుడు అరచేయంత తెల్ల మచ్చ. సబ్బుతో తోమాను, కొబ్బరి పీచుతో రుద్దాను. కాస్త వెడల్పయింది, అంతే.

కారణం మా అబ్బోడి అగ్నిపర్వతం.

రాత్రి ఏడున్నరకు స్కూలు గ్రూపులో మెసేజి. రేపు ఉదయం సైన్సు వర్కింగ్ మోడల్ తప్పకుండా తేవాలి, మార్కులుంటాయి. ఏడున్నరకు! ఆ టైములో థర్మోకోల్ ఎక్కడ దొరుకుతుంది, ఎర్ర రంగు ఎక్కడ దొరుకుతుంది? మూడు షాపులు తిరిగితే ఒక దాంట్లో వెనిగర్ ఉంది, బేకింగ్ సోడా లేదు. ఇంకో దాంట్లో సోడా ఉంది, చిల్లర లేదు. ఆయన్ని అడిగితే "యూట్యూబ్‌లో చూస్తే పది నిమిషాల పని" అని క్రికెట్ చూస్తూనే సలహా ఇచ్చారు. పది నిమిషాల పనైతే లేచి చేయొచ్చు కదా మహానుభావా. పోయిన ఏడాది సౌర కుటుంబం, అంతకు ముందు ఏడాది వాన నీటి గుంత, అన్నీ ఈ రెండు చేతులే. మార్కులు వాడికి, వేళ్లకు ఫెవికాల్ నాకు. రేపు క్లాసులో కనీసం పది అగ్నిపర్వతాలుంటాయి, అన్నీ ఒకే రంగు, అన్నీ అమ్మలు చేసినవే. టీచరుకు ఆ సంగతి తెలియదా? తెలుసు. మాకు తెలుసని ఆమెకూ తెలుసు.

ఇప్పుడే వాడి డైరీ తిరగేశాను. సోమవారమే రాసిచ్చారట. సరే, పైన స్కూలును అన్న మాటల్లో సగం వెనక్కి తీసుకుంటున్నా. సగమే.

అసలు నా కోపం వేరే. మేడ ఎక్కితే ఎదురుగా ఏడుకొండలు. ఘాట్ రోడ్డు దీపాలు కూడా కనిపిస్తాయి. అంత కొండను ఎదురుగా పెట్టుకుని, థర్మోకోల్‌తో ఎక్కడిదో అగ్నిపర్వతం చేయడమేంటి? మన దేశంలో ఇప్పటికీ నిప్పు కక్కే అగ్నిపర్వతం ఒక్కటే, అండమాన్‌లోని బ్యారెన్ ఐలాండ్. తిరుపతికి దానికీ ఏం చుట్టరికం? మన కొండ నిప్పులో పుట్టలేదు, నీళ్లలో పుట్టింది. పైనున్న పలకల రాయంతా ఒకప్పటి సముద్రపు ఒడ్డు ఇసుక. అది అణిగి, గట్టిపడి రాయైంది. కొన్నిచోట్ల అలల చారలు ఇంకా అలాగే ఉన్నాయి.

ఇవన్నీ నాకు చదువుకుంటే తెలిశాయి. మా నాయనకు చదవకుండానే తెలుసు.

లాతూరు భూకంపం వచ్చిన సంవత్సరం, 1993. ఆ వార్తలు విని మా అవ్వ భయపడిపోయి ఇంటిల్లిపాదికీ మొక్కు మొక్కేసింది. మా ఊరి నుంచి జీపు మాట్లాడుకుని కొండకు పోయాం. నాకు పదేళ్లు. గుండు చేయించుకుని దిగుతుంటే ఘాట్ మలుపులకు కడుపులో తిప్పి, ఒకటే వాంతులు. నాయన జీపు ఆపించి నన్ను రోడ్డు పక్కన కూర్చోబెట్టారు. నీళ్లు తాగించి, చందనం పూసిన నా నున్నటి గుండు మీద చెయ్యేసి, ఎదురుగా కొండ కోతను చూస్తూ నిలబడ్డారు. రాతి కట్టడం మేస్త్రీ ఆయన. గోడ కనిపిస్తే చాలు, కట్టినవాణ్ని తిట్టకుండా ఊరుకోరు.

"చూడు మే, కింద రాయి గుండు, నీ తల మాదిరి. దానికి వరస లేదు. పైన చూడు, పలకలు పలకలుగా పేర్చినట్టుండాది. పాత కట్టడాన్ని చెక్కి చదును చేసి, దాని మీద కొత్త గోడ లేపినట్టుంది."

"ఎవురు కట్నారు నాయనా?"

"ఎవురు కట్నా, మధ్యలో శానా దినాలు పని ఆగిపోయింటాది."

జీపులో అవ్వ కేకలేస్తోంది, పొద్దు పోతోందని. నాయన కదల్లేదు. జేబులోంచి బీడీ తీసి, కొండ మీద తాగకూడదని గుర్తొచ్చి మళ్లీ లోపల పెట్టుకున్నారు. ఆ బీడీ తీసి పెట్టడం నాకు దేవుడి దర్శనం కంటే బాగా గుర్తుంది.

చాలా ఏళ్ల తర్వాత చదివాను, ఆ చోటుకు ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అనే పెద్ద పేరుందని, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించిందని. కింది గుండు రాయి గ్రానైట్, వయసు 250 కోట్ల ఏళ్ల పైన. పైనున్న పలకల రాయికి సుమారు 160 కోట్ల ఏళ్లు. మధ్యలో వానా గాలీ అరగదీయడమే తప్ప, నిలిచిన పొర ఒక్కటీ లేదు. నాయన చెప్పిన ఆ శానా దినాలు 80 కోట్ల ఏళ్ల పైమాట. చెబుదామంటే అప్పటికి ఆయన లేరు. చెప్పినా "అంత కాలం పని ఆపినోడికి కూలీ ఎవురిస్తారు" అనేవారేమో.

మళ్లీ అగ్నిపర్వతానికి వస్తే, వంటింటి గట్టు మీదే ట్రయల్ వేశాం. పొంగింది, పొర్లింది, మా అబ్బోడు ఎగిరాడు. గట్టు మీద పడిన వెనిగర్‌ను వాడు వంగి చూసి, "మా, బండ కూడా నురగొస్తోంది" అన్నాడు. నేను నమ్మలేదు. చూస్తే నిజమే, సన్నటి బుడగలు. కడప బండ సున్నపురాయి కదా, పులుపు తగిలితే కరుగుతుంది. చింతపండు రసం పడితే వెంటనే తుడిచేదాన్ని, వెనిగర్ సంగతి మర్చిపోయాను. అదీ ఒకప్పటి సముద్రం అడుగే. ఇన్నేళ్లూ నేను ఉల్లిపాయలు తరుగుతున్నది సముద్రం అడుగు మీద.

పడుకోబెడుతుంటే వాడు అడిగాడు, "మన కొండ కూడా పేలుతుందా మా?" అప్పటికి నా ఓపిక అయిపోయింది. "కొండ ఎక్కడికీ పోదు, పడుకో" అన్నాను. పక్క గదిలోంచి అత్తమ్మ, "ఎక్కడికీ పోదేంది? అది వచ్చిందే మేరువు నుంచి కదా" అన్నారు. ఆదిశేషుడు చుట్టుకుని పట్టుకున్నా వాయుదేవుడి విసురుకు ఎగిరొచ్చి ఇక్కడ పడిన కథ. వాడు అది వింటూ నిద్రపోయాడు. నాకే పట్టలేదు, అబద్ధం చెప్పానేమో అని.

అబద్ధమే. ఎక్కడికీ పోకపోవడం అటుంచి, ఈ కొండ, దాని కింది గ్రానైట్, మొత్తం దేశం ఒకప్పుడు అంటార్కిటికాకు అతుక్కుని ఉండేవి. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయి ఉత్తరానికి బయల్దేరాయి. ఒక దశలో ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా పరుగెత్తి, 5 కోట్ల ఏళ్ల కిందట ఆసియాను గుద్దాయి. ఆ గుద్దుడుకు లేచినవే హిమాలయాలు. ఎవరెస్టు కొన మీద ఉన్నదీ సముద్రపు సున్నపురాయే, అంటే మా వంటింటి బండకు దూరపు చుట్టం. ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు జరుగుతూనే ఉన్నాం. లెక్కేశాను. నాయన నన్ను కూర్చోబెట్టిన చోటు ఇప్పటికి ఒకటిన్నర మీటరు జరిగుంటుంది. నాయన కొలతలో చెప్పాలంటే, బారకు కొంచెం తక్కువ.

చుట్టరికం లేదన్నాను కదా, అదీ తప్పే. ఆ గ్రానైట్ ఒకప్పుడు భూమి లోతుల్లో కరిగి, నెమ్మదిగా చల్లారిన రాయి. ఇంకాస్త అవతల, పులివెందుల వైపు, సుమారు 190 కోట్ల ఏళ్ల నాడు నిజంగానే లావా పారింది. ఆ రాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇక వెనిగర్, సోడా అంత దొంగ మోడలూ కాదు. పైకి వచ్చే కొద్దీ ఒత్తిడి తగ్గి, కరిగిన రాతిలోని గ్యాసు ఒక్కసారి బయటికి తన్నుకొస్తుంది, గోలీ సోడా కొట్టినట్టు. నిజం అగ్నిపర్వతాన్ని పేల్చేదీ ఎక్కువగా ఆ గ్యాసే.

అయినా ఏడున్నరకు మెసేజి పెట్టడం తప్పే.

మచ్చకు కొబ్బరినూనె రాసొచ్చాను. దీపం వెలుగులో నల్లగానే కనిపిస్తోంది. పొద్దున్నే ఐదుకు అత్తమ్మ కాఫీకి లేచి, కళ్లజోడు పెట్టుకోకుండా ఉంటే బతికిపోతాను.