20 కంప్యూటర్లూ ఒక ఆయమ్మా

మార్చి వచ్చిందంటే మా కంపెనీలో టెన్షన్ మొదలయ్యేది. సీఎస్ఆర్ డబ్బు, అంటే చట్టం ప్రకారం కంపెనీ సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు, మిగిలింది, 31లోపు ఖర్చు చూపించాలి. ఏదో ఒక సర్కారు బడి చూసి, కొటేషన్ తీసుకుని, ఫ్లెక్సీ కొట్టించి, రిబ్బన్ కత్తిరించి, ఫోటో దిగి వచ్చేసేవాళ్లం. అలాగే ఒక ఏడాది సంగారెడ్డి జిల్లాలో ఒక హైస్కూలుకి 20 కంప్యూటర్లు ఇచ్చాం. ఆ ఫైలు కదిపింది నేనే కాబట్టి ఇక్కడ తిట్లేమైనా ఉంటే ముందు నాకే.

ఏడాది తర్వాత అటు పని పడి ఆగాను. గదికి తాళం. కంప్యూటర్ల మీద ప్లాస్టిక్ కవర్లు కూడా తియ్యలేదు. ఒళ్లు మండింది. హెచ్.ఎం. మేడం టీ తెప్పించి నెమ్మదిగా చెప్పారు: అన్నీ ఒకేసారి వేస్తే ఫ్యూజు పోతోంది, చెప్పడానికి టీచరు లేరు, కిటికీకి గ్రిల్ లేదు, రాత్రి వాచ్‌మన్ లేడు. "స్టాక్ రిజిస్టర్‌లో సంతకం నాది సార్, ఒక్కటి పోయినా నా మెడకే చుట్టుకుంటుంది" అన్నారు. మరి మీకేం కావాలి మేడం అంటే తడుముకోలేదు. బాత్రూములు కడిగే ఆయమ్మకి నెల నెలా జీతం. పెద్ద క్లాసుల ఆడపిల్లలు బాత్రూముకి వెళ్లాల్సి వస్తుందని పొద్దున్నుంచి మంచినీళ్లు తాగడం లేదట.

కంప్యూటర్లకి మాకైంది దాదాపు 8 లక్షలు. ఆయమ్మకి నెలకి 6 వేలనుకుంటే పదకొండేళ్ల జీతం. బండి మీద వస్తూ ఈ లెక్క రెండుసార్లు వేశాను.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలన్నది అందరికీ తెలుసు. 2021లో మారిన నిబంధనలే చాలామంది ఎండీలు చదవరు. ముందే "కొనసాగే ప్రాజెక్టు" అని బోర్డు తీర్మానించుకుంటే, మిగిలిన డబ్బు ఏప్రిల్ 30లోపు విడి ఖాతాలో వేసి ఆ తర్వాత మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాడుకోవచ్చు. ఆ మార్చి పరుగంతా మా బద్ధకమే అన్నమాట!

అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ వాళ్లు ఇరవై ఏళ్లకు పైగా ప్రభుత్వ టీచర్లతోనే పనిచేస్తున్నారు. 2024లో కర్ణాటక బడి పిల్లలకి సర్కారు వారానికి రెండు రోజులు పెట్టే గుడ్డుకి మిగతా నాలుగు రోజులూ కలిపేందుకు మూడేళ్లకి సుమారు 1,500 కోట్లు ఇస్తామని ఒప్పందం చేసుకున్నారు. గుడ్డు మీద ఎవరి పేరూ రాయలేం కదా, నాకు నచ్చింది అదే. అటువైపు అమెరికాలో, 2010లో మార్క్ జుకర్‌బర్గ్ నెవార్క్ ఊరి బడులకి 10 కోట్ల డాలర్లు ప్రకటించాడు, అదీ టీవీ షోలో. ఊళ్లో తల్లిదండ్రులకి ఆ సంగతి టీవీలోనే తెలిసింది. 2 కోట్ల డాలర్లకు పైగా కన్సల్టెంట్లకే పోయింది. ఆ సంస్కరణల్ని వ్యతిరేకించినాయనే 2014లో మేయరుగా గెలిచాడు. అడక్కుండా ఇస్తే అక్కడైనా ఇక్కడైనా అంతే.

ఇంకో మాట. మన పారిశ్రామికవేత్తలు మంత్రిగారితో కూర్చుంటే భూమి, నీళ్లు, కరెంటు, రాయితీలు అన్నీ అడుగుతారు. మా ఫ్యాక్టరీ పక్క ఊళ్లో లెక్కల టీచరు పోస్టు ఎందుకు ఖాళీగా ఉంది అని అడిగినవాళ్లని నేనింతవరకు చూడలేదు. ఆ ప్రశ్నకి పైసా ఖర్చు లేదు, పైగా అడిగేది వాళ్లయితే ఎంఈఓ ఆఫీసులో ఫైలు కదులుతుంది. పల్లె పిల్లల చదువుని ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం పల్లె సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. రేపు వాళ్ల ఫ్యాక్టరీ గేటు ముందు పనికి నిలబడేదీ వీళ్లే.

ఈసారి ఆ బడికి మూడేళ్ల ప్రాజెక్టు రాయించాను: ఆయమ్మ జీతం, వైరింగు, గ్రిల్, ఒక పార్ట్‌టైమ్ కంప్యూటర్ టీచరు. స్కూల్ కమిటీలో తల్లులు ముందే ఒప్పుకున్నారు. మా ఎండీగారు కూడా సంతకం పెట్టారు. శిలాఫలకం ఎక్కడ పెడుతున్నారని మాత్రం ఇప్పటికి రెండుసార్లు అడిగారు.